ఉద్యానవనాలలో గన్నేరు: పెంపకం, జాగ్రత్తలు

గన్నేరు అపోసైనేసి కుటుంబానికి చెందిన సతతహరిత పొద. దీని శాస్త్రీయ నామం నీరియం ఒలియాండర్. మధ్యధరా ప్రాంతం నుండి దక్షిణాసియా వరకు గల వేడి ప్రదేశాలలో, వాగుల ఒడ్డున ఇది సహజంగా పెరుగుతుంది. తెలుపు, గులాబీ, ఎరుపు రంగులలో ఒంటిరేకు, ముద్ద రకాలు ఉన్నాయి. పచ్చ గన్నేరు, బిళ్ళ గన్నేరు ఇదే కుటుంబానికి చెందినప్పటికీ వేరు ప్రజాతులు.

ఉపయోగాలు: ఆకులు దళసరిగా ఉండి, పత్రరంధ్రాలు అడుగుభాగంలోని నూగుతో నిండిన గుంటలలో ఉండటం వల్ల నీటి ఆవిరి నష్టం తగ్గుతుంది. అందువల్ల బెట్టను, కొంతమేరకు చౌడును, వాహనాల పొగను ఈ మొక్క తట్టుకుంటుంది. జాతీయ రహదారుల మధ్య విభాగినులలో నాటితే ఎదురు వాహనాల దీపకాంతిని అడ్డుకుంటుంది. తోటలలో జీవకంచెగా, తెరగా, విడిపొదగా పనికివస్తుంది.

ప్రవర్ధనం, నాటడం: 15-20 సెం.మీ. పొడవు గల ముదురు కొమ్మ ముక్కలను వర్షాకాలంలో నాటితే సులభంగా వేరు తొడుగుతాయి. మురుగు నిలవని, ఎండ బాగా తగిలే స్థలాన్ని ఎంచుకోవాలి. కంచెకు 1-1.5 మీటర్లు, విడిపొదలకు 2-3 మీటర్ల ఎడం పాటించాలి.

కత్తిరింపులు: పూలు కొత్త చిగుళ్ల చివర వస్తాయి. కనుక పూత ముగిసిన వెంటనే కొమ్మలను కత్తిరించాలి.

సస్యరక్షణ: పసుపురంగు పేనుబంక లేత చిగుళ్లను ఆశిస్తుంది. నీటిని వేగంగా చిమ్మి దీనిని తొలగించవచ్చు. ఆకులు తినే హాక్ మాత్ గొంగళి పురుగులను ఏరి నాశనం చేయాలి.

విషప్రభావం: మొక్కలోని అన్ని భాగాలలో ఒలియాండ్రిన్ వంటి హృదయ గ్లైకోసైడ్లు ఉంటాయి. ఇవి గుండె కండరంలోని సోడియం-పొటాషియం పంపును అడ్డుకొని గుండె లయను దెబ్బతీస్తాయి. పచ్చి ఆకులు చేదుగా ఉండటం వల్ల పశువులు సాధారణంగా మేయవు. రహదారుల వెంట నాటడానికి ఇదీ ఒక కారణం. అయితే కత్తిరించిన కొమ్మలు వాడితే చేదు తగ్గుతుంది గాని విషం తగ్గదు. 10-20 ఆకులు పెద్ద పశువు ప్రాణం తీయడానికి చాలు. పారుడు, కడుపునొప్పి, గుండె లయ తప్పడం ప్రధాన లక్షణాలు. కొన్నిసార్లు లక్షణాలు కనిపించకముందే పశువు మరణిస్తుంది. అనుమానం కలిగిన వెంటనే పశువైద్యుని సంప్రదించాలి.

జాగ్రత్తలు: కత్తిరింపులను గట్లపై, మేత దగ్గర, నీటితొట్ల వద్ద వేయరాదు. పశువులకు అందని చోట లోతుగా పూడ్చాలి. పొగ కూడా హానికరం కనుక కాల్చరాదు, వంటచెరకుగా వాడరాదు. కత్తిరించేవారు చేతి తొడుగులు ధరించాలి. పశువుల పాకలు, అంగన్‌వాడీలు, పాఠశాలల వద్ద గన్నేరుకు బదులు మందార, నూరువరహాలు నాటడం మేలు. మందారను మేకలు మేస్తాయి కనుక తొలిదశలో రక్షణ కల్పించాలి. గన్నేరు మొక్కలను పంపిణీ చేసేటప్పుడే విస్తరణ సిబ్బంది కత్తిరింపుల పారవేతను గురించి రైతులకు వివరించాలి.