అన్‌సీజన్‌లోనే అసలు సీమ

చలికాలం పోగానే పర్యాటకులు కర్నూలు, కడప దారి మరిచిపోతారు. ఏప్రిల్, మే నెలల్లో ఈ నేల మీద ఏం జరుగుతుందో ఇక్కడ ఇల్లున్నవాళ్లకే తెలుసు.

1860ల్లో కడప కలెక్టర్‌గా ఉన్న డబ్ల్యు.డి. హార్స్‌లీకి ఇక్కడి ఎండ పడలేదు. అప్పట్లో మదనపల్లె ప్రాంతం కూడా కడప జిల్లాలోదే. అక్కడి ఏనుగు మల్లమ్మ కొండ మీద చల్లగా ఉంటుందని తెలిసి, వేసవి గడపడానికి ఓ బంగళా కట్టించుకున్నాడు. నాలుగు వేల అడుగులు దాటిన ఆ కొండకు చివరికి ఆయన పేరే నిలిచింది. అదే ఇప్పటి హార్స్‌లీ హిల్స్.

దొర కొండెక్కాడు. కింద ఉన్న జనం మాత్రం గడియారాన్ని ముందుకీ వెనక్కీ జరుపుకొన్నారు. తెల్లవారుజామున లేచి పని, మధ్యాహ్నం నీడ, పొద్దు గూకాక మళ్లీ సందడి. ఉగాది, శ్రీరామనవమి, తిరునాళ్లు, ఎడ్ల పందేలు, పెళ్లిళ్లు అన్నీ ఈ ఎండల్లోనే. బయటివాళ్లకు అన్‌సీజన్ అయిన ఈ కాలమే సీమవాళ్లకు తీరిక కాలం.

గరిక మీద గోల్ఫ్

ఎండను ఇలా వాటం చేసుకోవడం సీమకే పరిమితం కాదు. అమెరికాలోని అరిజోనా ఎడారి నగరం ఫీనిక్స్‌లో ఏడాదికి 200 మిల్లీమీటర్ల వాన కూడా పడదు. చలి దేశాల నుంచి, మంచు రాష్ట్రాల నుంచి వచ్చే జనంతో శీతాకాలంలో అక్కడి గోల్ఫ్ మైదానాలు కిటకిటలాడతాయి, రుసుములూ చుక్కలనంటుతాయి. వేసవి రాగానే వచ్చినవాళ్లు వచ్చిన దారినే పోతారు. ధరలు దిగుతాయి. అప్పుడు స్థానికుల వంతు. పొద్దు పొడుస్తుండగానే ఆట మొదలుపెట్టి, ఎండ ముదరకముందే ఇంటికి చేరతారు. చాండ్లర్ లాంటి శివార్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఈ లెక్క తెలిసిందే.

అక్కడి వేసవి మామూలుది కాదు. 2023లో ఫీనిక్స్‌లో వరుసగా 31 రోజులు పగటి ఉష్ణోగ్రత 110 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు, అంటే సుమారు 43 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గలేదు. అయినా మైదానం పచ్చగానే ఉంటుంది. కారణం బెర్ముడా గడ్డి. వినాయక చవితి పత్రిలో మనం వాడే గరిక జాతే అది. ఎండంటే దానికి ప్రాణం. చలికాలంలో రంగు మారి వాడిపోతుంది కాబట్టి, అతిథుల కోసం శరదృతువులో దాని మీద రై గడ్డి విత్తనం చల్లుతారు. ఆ నేలకు సహజమైన గడ్డి వేసవిలోనే నిండుగా ఉంటుందన్నమాట. నీళ్లకు కరువైన చోట్ల ఇంకో ఉపాయముంది. బంతి గుంతలో పడే చోట పచ్చిక పెంచకుండా, నూనె కలిపిన ఇసుకను చదును చేసి ఆడతారు. మన దేశంలోనూ అలాంటి ‘బ్రౌన్స్’ మైదానాలు ఉండేవి.

కర్నూలు, కడపల్లో గోల్ఫ్ జనం ఆట కాదు. ఇక్కడ ఏడాది వాన సుమారు 700 మిల్లీమీటర్లకు అటూఇటూగా ఉంటుంది కాబట్టి ఇది ఎడారీ కాదు. కానీ ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం మామూలే. తెల్లవారుజామును వాడుకోవడమనే సూత్రం మాత్రం రెండు చోట్లా ఒక్కటే.

పొద్దు పొడవక ముందే గండికోట

జమ్మలమడుగు దగ్గర ఎర్రమల కొండలను చీల్చుకుని పెన్నా పారే చోట గండికోట ఉంది. పెమ్మసాని నాయకుల ఏలుబడిలో పేరు మోసిన ఈ దుర్గాన్ని 1652లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా గెలుచుకున్నాడు. వజ్రాల వ్యాపారి టావెర్నియే ఆ ఏడాదే ఇక్కడికి వచ్చి అతన్ని కలిశాడు. మాధవరాయ ఆలయం, రంగనాథ ఆలయం, జామియా మసీదు, ధాన్యాగారం ఇప్పటికీ నిలిచి ఉన్నాయి.

అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా వారాంతాల్లో ఇక్కడ గుడారాలు, కార్లు, సెల్ఫీ కర్రలు. లోయ అంచున కాస్త చోటు దొరకాలన్నా కాచుకోవాల్సిందే. మేలో ఆ రద్దీ ఉండదు. ఐదున్నరకల్లా లోయ అంచుకు చేరితే తొలి వెలుగు ఎర్ర రాతి పొరల మీద ఒక్కొక్కటిగా దిగడం తీరిగ్గా చూడొచ్చు. ఈ రాయిని భూగర్భ శాస్త్రజ్ఞులు గండికోట క్వార్ట్‌జైట్ అంటారు. తొమ్మిది దాటితే అదే రాయి సెగలు కక్కుతుంది. అప్పటికి కోట దిగి జమ్మలమడుగులో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ ముందు కూర్చోవడమే తెలివైనవాళ్ల పద్ధతి.

నీళ్లు తగ్గితేనే దర్శనం

కొన్నింటికి ఎండాకాలమే అసలు సీజన్. నంద్యాల జిల్లా కొత్తపల్లె మండలంలోని సంగమేశ్వరం అలాంటిదే. కృష్ణ, తుంగ, భద్ర, భీమ, మలప్రభ, వేణి, భవనాశి కలిసే చోటు కాబట్టి సప్తనదీ సంగమమని పేరు. 1980ల తొలి ఏళ్లలో శ్రీశైలం జలాశయం నిండడంతో గుడి మునిగిపోయింది. అప్పటి నుంచి ఏడాదిలో ఎక్కువ నెలలు అది నీటి అడుగునే.

జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. సాగుకూ తాగడానికీ కరెంటుకూ నీళ్లు వాడుకుంటూ పోతే వేసవికి మట్టం బాగా పడిపోతుంది. ముందు శిఖరం తేలుతుంది, తర్వాత గోడలు, ఆఖరికి గర్భగుడి. బురద తీసి, కడిగి పూజలు మొదలుపెడతారు. లోపలున్నది రాతి లింగం కాదు, వేప మొద్దు. ధర్మరాజు ప్రతిష్ఠించాడని స్థలపురాణం. ఇన్నేళ్లు నీళ్లలో నానినా ఆ కొయ్య చెక్కుచెదరలేదని భక్తులు ముచ్చటగా చెప్పుకొంటారు. మళ్లీ వరద వచ్చి గుడిని ముంచేటప్పుడు పూజారులు పడవలో వెళ్లి శిఖరానికి హారతిచ్చి వస్తారు. చలికాలంలో ఎంత ఖర్చు పెట్టి వచ్చినా ఇక్కడ కనబడేది నీళ్లే.

నేల కింద, నీళ్లలో

ఎండ ఎక్కువైతే భూమి లోపలికి దిగొచ్చు. కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలను బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884లో నమోదు చేశాడు. దాదాపు వందేళ్లకు, 1982-84 మధ్య, డేనియల్ గెబావర్ బృందం లోపల తిరిగి కొలిచి పటం గీసింది. సున్నపురాయిని నీళ్లు కరిగించి చేసిన ఈ సొరంగాల పొడవు 3,229 మీటర్లు. సందర్శకులు ఒకటిన్నర కిలోమీటర్ల దాకా వెళ్లొచ్చు. కోటిలింగాలు, ఊడలమర్రి, సప్తస్వరాల గుహ చూస్తూ పోతే పాతాళగంగ వస్తుంది. ఆ చోటు నేలమట్టానికి 46 మీటర్ల లోతు.

గుహ అనగానే చల్లదనం ఊహించుకుని దిగితే చొక్కా తడుస్తుంది. లోపల ఎండ ఉండదు గానీ ఉక్క ఉంటుంది, గాలిని యంత్రాలతో పంపుతారు. పండగ సెలవుల్లో ఇరుకు దారుల్లో వందల మంది ఒకేసారి నడిస్తే ఆ ఉక్క రెట్టింపవుతుంది. జనం పలచగా ఉండే వేసవి పని రోజుల్లో ఉదయమే దిగడం మేలనేది అందుకే.

చల్లదనం కావాలంటే నంద్యాల మీదుగా నల్లమల అంచున ఉన్న మహానందికి పోవాలి. అక్కడ ఊట నీళ్లు ఏడాది పొడవునా ఆగవు. కోనేట్లో పడిన నాణెం బొమ్మా బొరుసూ పైనుంచే కనబడేంత తేటగా ఉంటాయి. గుడి దాటిన నీళ్లు అరటి తోటలకు పారతాయి. మేలో ఆ కోనేట్లోకి దిగిన పిల్లలను బయటికి రప్పించడం పెద్దలకు ఓ పట్టాన సాధ్యం కాదు.

తిరుగు దారిలో బనగానపల్లె. ఈ ఊరి పేరు మోసుకుని దేశమంతా తిరిగే మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. పీచు లేని ఆ పండు కూడా ఎండల్లోనే దొరుకుతుంది.

పనుల్లేని కాలం, పందేల కాలం

మెట్ట సేద్యంలో పంట ఇంటికొచ్చాక తొలకరి దాకా ఎద్దుకూ మనిషికీ కాస్త తెరిపి. ఆటలన్నీ ఆ తెరిపిలోనే పుట్టాయి. ఆస్పరి మండలం కైరుప్పలలో ఉగాది మరునాడు ఊరు రెండుగా చీలి పిడకలతో కొట్టుకుంటుంది. వీరభద్రస్వామి, కాళికాదేవి పెళ్లి తగవు దీనికి మూలమని చెబుతారు. దెబ్బలు తగిలినవాళ్లు విభూతి రాసుకుని నవ్వుతూ ఇళ్లకు పోతారు.

తిరునాళ్లలో బండలాగుడు పోటీలకు ఇప్పటికీ జనం విరగబడతారు. ఎద్దుల వయసును పళ్లతో లెక్కగట్టి పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, సీనియర్లు అని విభాగాలు పెడతారు. ఇచ్చిన సమయంలో బండను ఎక్కువ దూరం లాగిన జతదే గెలుపు. ఒంగోలు జాతి ఎడ్లను పోటీల కోసమే ఏడాదంతా మేపే రైతులున్నారు.

ఒంటిమిట్టలో ఎండతో పేచీయే లేదు. శ్రీరామనవమికి ఊరూరా మిట్టమధ్యాహ్నం రామ కల్యాణం జరిగితే, ఈ కోదండరాముడి పెళ్లి మాత్రం చైత్ర పౌర్ణమి వేళ, రాత్రి వెన్నెల్లో. రాష్ట్రం విడిపోయాక, 2015 నుంచి ప్రభుత్వ లాంఛనాలూ ఇక్కడికే వస్తున్నాయి.

మిద్దె మీద పడక

ఈ నేల మీద ఇల్లు కట్టడమూ ఎండను దృష్టిలో పెట్టుకునే సాగింది. రాతి గోడలు, దూలాలు, వాటి మీద మందంగా పరిచిన చౌడు మట్టి, వెలుగు కోసం గవాచి. ఇదీ పాత మిద్దె. మట్టి నెమ్మదిగా వేడెక్కుతుంది కాబట్టి మధ్యాహ్నం లోపల కూర్చోగలిగేవాళ్లు. కింద నాపరాళ్ల నేల, దాని మీద చాపైనా లేకుండా కునుకు. సాయంత్రం మిద్దె మీద నీళ్లు చల్లి, రాత్రికి అక్కడే పడక. కాంక్రీటు వచ్చాక పగటి వేడిని శ్లాబు అర్ధరాత్రి దాకా వదలదు, కూలర్లూ ఏసీలూ తప్పడం లేదు. అయినా కరెంటు పోతే వీధి వీధంతా మళ్లీ మేడలెక్కుతుంది. బజారులో నన్నారి షర్బత్, తాటి ముంజలు, మజ్జిగ గిరాకీ ఎప్పటిలాగే ఉంది.

ఈ తీరిక అందరిదీ కాదు. కర్నూలు పడమటి మండలాల నుంచి పనుల్లేని కాలంలో గుంటూరుకో బెంగళూరుకో హైదరాబాదుకో వలస పోయే కుటుంబాలెన్నో. ఊళ్లో మిగిలినవాళ్లు ఉపాధి హామీ పనికి చీకటితోనే పార పట్టుకుని వెళ్లి, ఎండ ముదిరేలోగా తిరిగొస్తారు. గండికోట మీద సూర్యోదయం చూసే వేళకు వాళ్లు సగం పని ముగించి ఉంటారు.

వెళ్లాలనుకుంటే

గండికోటలో పర్యాటక శాఖ హరిత హోటల్ ఉంది. ముందు రోజు రాత్రి అక్కడ దిగితే తెల్లవారేసరికి లోయ అంచుకు చేరొచ్చు. లోయ చుట్టూ అన్నిచోట్లా కంచె లేదు కాబట్టి పిల్లల చెయ్యి వదలొద్దు. కోట, బెలుం, బనగానపల్లె ఒక రోజు, మహానంది రెండో రోజు పెట్టుకుంటే మధ్యాహ్నాలు ప్రయాణానికీ నిద్రకూ మిగులుతాయి. సంగమేశ్వరానికి బయల్దేరే ముందు శ్రీశైలం నీటిమట్టం ఎంతుందో పత్రికలో చూసుకోవాలి. పదకొండు నుంచి నాలుగు దాకా ఎక్కడా నడక పెట్టుకోవద్దు. తల మీద తువ్వాలు, చేతిలో ఉప్పేసిన మజ్జిగ ఉండాలి. తల తిరిగినా చెమట ఆగిపోయినా నీడకు చేరి, ఒళ్లు తడిపి, దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లాలి. జూలైలో ఎగువ నుంచి వరద మొదలైతే సంగమేశ్వరం దర్శనం మళ్లీ వచ్చే ఏడాదికే.