బురదలో బతికే జాయింట్

సీఎస్ఈ వాడికి డ్రైవ్‌షాఫ్ట్‌తో ఏం పని అని క్లాసులో చాలామంది అడిగారు. మా బాహా టీంలో లెక్కలు చూసేది నేనే మరి. బాహా తెలుసుగా, 2007 నుంచి మన దేశంలోనూ జరుగుతున్న పోటీ. విద్యార్థులే ఒంటి సీటు బండి కట్టి గుంతల్లో, బురదలో తోలాలి. ఈసారి మా దగ్గర ఒక్క జత షాఫ్టులకే డబ్బుంది. పోటీ మధ్యలో విరిగితే ఇంటికే.

గేర్‌బాక్స్ చాసిస్‌కి బిగించి ఉంటుంది, చక్రం పైకీ కిందకీ ఆడుతుంది. అందుకే షాఫ్ట్ రెండు చివర్లా వంగే జాయింట్ కావాలి. చవకైనది లారీల కింద కనిపించే క్రాస్ జాయింట్. గట్టిదే, కానీ వంపు పెరిగితే సమంగా తిప్పదు. ఇటు 100 చుట్ల వేగంతో తిరుగుతుంటే, 30 డిగ్రీల వంపులో అటు వేగం ప్రతి చుట్టులో రెండుసార్లు 115కి లేచి 87కి పడుతుంది. రెండు చివర్లా కోణం సమానంగా ఉంటే ఈ తేడా కొట్టేసుకుంటుంది. గుంతల్లో ఆ సమానం ఎక్కడిది?

అందుకే నా ఓటు కార్లలో వాడే సీవీ జాయింట్‌కి. చక్రం వైపు ఆరు బంతులది, 45 డిగ్రీల దాకా వంగుతుంది. గేర్‌బాక్స్ వైపు మూడు రోలర్ల ట్రైపాడ్, లోపలికీ బయటికీ జరుగుతుంది గానీ 25 దగ్గర్లోనే ఆగిపోతుంది. అసలు తిరకాసు ఇక్కడే. షాఫ్ట్ 40 సెంటీమీటర్లుండి చక్రం 15 దిగితే వంపు సుమారు 22 డిగ్రీలు. అదే షాఫ్ట్ 30 సెంటీమీటర్లే అయితే 30 డిగ్రీలు, ట్రైపాడ్ పట్టేస్తుంది. నాలుగు లైన్ల పైథాన్ చాలు ఇది చూడ్డానికి. సీనియర్లు మాత్రం ఇంకా లావు షాఫ్ట్ గురించే మాట్లాడుతున్నారు.

మాది ఆదోని. మా వైపు పత్తి పండే నల్లరేగడి వానకి చక్రానికి అతుక్కుని, ఎండితే రాయైపోతుంది. ఎమ్మిగనూరులో గూడ్స్ ఆటోలు బాగుచేసే అన్నని అడిగితే, "జాయింట్ ఊరికే ఇరగదప్పా, బూటు చినిగితేనే అయిపాయ" అన్నాడు. రబ్బరు బూటు చినిగితే గ్రీజు బయటికి, మట్టి లోపలికి. బంతులు అరిగి, మలుపులో టక టక మొదలవుతుంది. జాయింట్‌తో పోలిస్తే బూటు ఖరీదెంత!

కాబట్టి పొడవు షాఫ్ట్ పెట్టి, చక్రం 12 సెంటీమీటర్లకి మించి దిగకుండా పట్టీ కడుతున్నాం. వంపు 18 లోపే ఉంటుంది. బూటు ముందు రేకు అడ్డం ఈ వారం కోయిస్తున్నాం, రేగడి అందులో చేరి ఎండిపోకుండా కింద తెరిచే ఉంచుతున్నాం.