కైలాసయాత్రకు తొందర పనికిరాదు

కైలాస మానససరోవర యాత్ర 2025లో తిరిగి ప్రారంభమైన నాటినుండి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతముల శ్రోతలు మాకు వ్రాయుచున్న ఉత్తరములలో ఒక ప్రశ్న పదే పదే కనుపించుచున్నది. ఏ మార్గమున వెళ్లినచో తక్కువ దినములలో తిరిగి రావచ్చును? వనపర్తినుండి వ్రాసిన ఒక విశ్రాంత ఉపాధ్యాయులు ఇంకొక సంగతి కూడ అడిగిరి. “నడుమ విశ్రాంతి దినములని పేరుపెట్టి యాత్రికులను ఊరక ఆపుచున్నారట. వానిని తగ్గించుకొను వీలు లేదా?” అని వారి ప్రశ్న.

ప్రశ్న సహజమైనదే. ఖర్చు అధికము, ఇంటివద్ద ఎదురుచూచువారు ఉందురు, ఉద్యోగస్థులకు సెలవు దొరకుట కష్టము. అయినను ఊరక గడచుచున్నట్లు కనబడు ఆ దినములే యాత్రికుని క్షేమముగ ఇల్లు చేర్చునవి. ఎందుచేతనో ఇచట వివరింతుము.

మన ప్రాంతమువారికి కొండదారి క్రొత్త కాదు. శ్రీశైలమునకు నాలుగు ద్వారములు చెప్పుదురు. వానిలో పశ్చిమద్వారమైన అలంపురము జోగులాంబ గద్వాల జిల్లాలోను, ఉత్తరద్వారమైన ఉమామహేశ్వరము నాగర్‌కర్నూలు జిల్లాలోను ఉన్నవి. నల్లమల నడుమ, అమ్రాబాదు పులుల అభయారణ్యములో, సలేశ్వరము లింగమయ్యకు చైత్రపూర్ణిమ దినములలో జాతర జరుగును. “వస్తున్నాం లింగమయ్యా” అని కేకలు వేయుచు జనులు రాళ్లదారిని లోయలోనికి దిగుదురు. జలపాతము క్రింద స్నానము చేసి, చెంచు పూజారులు కొలుచు స్వామిని దర్శించి, “పోతున్నాం లింగమయ్యా” అనుచు మరల ఎక్కుదురు.

ఆ అడవిలో చెంచుల వెంట నడచినవారికి ఒక విషయము తెలిసియుండును. వారు పరుగెత్తరు. నీరు ఎక్కడ, నీడ ఎక్కడ అని ఎరిగి ఆగుదురు. వారిని దాటిపోవలెనని తొందరపడిన పట్టణవాసి ఎక్కుడుదారిలో కూలబడును. అయితే సలేశ్వరమున మనకు ఎదురగునవి అలసట, చైత్రమాసపు ఎండ. నీడను కూర్చుండి నీరు త్రాగినచో చాలవరకు తేరుకొనవచ్చును. కైలాసము చెంత ఎదురగునది వేరు. అది కంటికి కనబడదు; కూర్చున్నంతమాత్రమున పోదు. అది గాలి పలుచదనము.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పట్టణములు మూడును సముద్రమట్టమునకు 500 మీటర్లలోపు ఎత్తుననే ఉన్నవి. మానససరోవరము సుమారు 4,590 మీటర్ల ఎత్తున ఉన్నది. కైలాస శిఖరము ఎత్తు 6,638 మీటర్లు. శిఖరమును ఎవరును ఎక్కరు. దాని చుట్టు చేయు ప్రదక్షిణమే యాత్ర. అయినను ఆ ప్రదక్షిణములో దాటవలసిన డోల్మా కనుమ 5,630 మీటర్ల ఎత్తున ఉన్నది. గాలిలో ప్రాణవాయువు పాలు ఇచటను అచటను ఒకటే, నూటికి 21 వంతులు. భేదము గాలి ఒత్తిడిలో కలదు. డోల్మా కనుమపై ఆ ఒత్తిడి సముద్రతీరమున ఉన్నదానిలో సుమారు సగము. అనగా ఒక్కొక్క ఊపిరితో లోనికి చేరు ప్రాణవాయువు కూడ ఇంచుమించు సగమే.

ఇది వంటపొయ్యివద్దనే తెలియును. ఒత్తిడి తగ్గినచోట నీరు తక్కువ వేడికే తెర్లును. మానససరోవరపు ఒడ్డున సుమారు 85 డిగ్రీలకే నీరు తెర్లును. మన నడిగడ్డ సన్నబియ్యమైనను అచట మామూలు గిన్నెలో ఎంతసేపు ఉంచినను పలుకు విడువదు. ప్రెషర్ కుక్కరు ఉండవలసినదే. బియ్యమునకు కుక్కరు కలదు. మనుష్యదేహమునకు అటువంటి మూత లేదు కనుక అది తనంతట తాను సర్దుకొనవలెను.

దేహము సర్దుకొను విధమెట్టిది? మొదట ఊపిరి వేగమగును, గుండె వడిగా కొట్టుకొనును. ఎక్కువగా ఊపిరి విడుచుటచే రక్తములోని బొగ్గుపులుసు గాలి తగ్గిపోయి, రక్తమునకు క్షారగుణము పెరుగును. దానిని సరిదిద్దు పని మూత్రపిండములది. అందులకు కొన్ని దినములు పట్టును. అంతవరకు నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చుచుండును. ఎర్రరక్తకణములు తగినంత పెరుగుటకు వారములే పట్టును. ఈ పనులలో ఏదియు మన సంకల్పమునకు లోబడదు.

వ్యవధి ఇయ్యక ఎక్కినవారికి తలనొప్పి, వికారము, ఆకలి లేమి, నిద్రపట్టకపోవుట కలుగును. వానిని లక్ష్యపెట్టక ఇంకను పైకి పోయినచో ఊపిరితిత్తులలో నీరు చేరవచ్చును, మెదడు వాయవచ్చును. కూర్చున్నను ఆయాసము తగ్గకుండుట, నురుగుతో కూడిన దగ్గు, మాట తడబడుట, అడుగు తూలుట ప్రాణాపాయ చిహ్నములు. అప్పుడు చేయవలసిన మొదటి పని రోగిని ఆలస్యము లేక క్రిందికి దింపుట. ప్రాణవాయువు సిలిండరు, మందులు అందుకు తోడ్పడునవే గాని దానికి బదులు కానేరవు.

దేహబలము కలవారికి ఈ జబ్బు రాదనుకొనుట పొరపాటు. ఆనకట్టలు కట్టుటకు, కాలువలు త్రవ్వుటకు పాలమూరు కూలీలు దేశమంతట తిరిగినవారు. వారి కండబలమును ఎవరును శంకింపరు. కాని ఈ జబ్బు కండను చూడదు. బలముకలవాడు వేగముగ ఎక్కును గనుక ఒక్కొక్కప్పుడు వానికే ముందుగ తగులును. భక్తి మనస్సునకు ధైర్యమిచ్చును, మూత్రపిండములను తొందరపెట్టజాలదు.

వైద్యులు చెప్పు నియమము మిక్కిలి సులభమైనది. 3,000 మీటర్లు దాటిన పిమ్మట రాత్రి పండుకొను చోటు ఎత్తును దినమునకు 500 మీటర్లకంటె పెంచరాదు. మూడు నాలుగు దినములకొకసారి అదేచోట మరియొక రాత్రి గడపవలెను. పగలు కొంత పైకి నడచి, రాత్రికి దిగివచ్చి పండుకొనుట మేలు. వనపర్తి మిత్రులు తగ్గించుకొనగోరిన దినములు ఇవియే.

పూర్వము ఈ నియమమును ఎవరును చెప్పనక్కరలేకపోయెను; దారియే పాటింపజేసెడిది. తూర్పు గోదావరి జిల్లాలో 1896లో జన్మించిన కనకదండి వెంకట సోమయాజులుగారు సన్యసించి స్వామి ప్రణవానందులైరి. వారు 1928లో మొదటిసారి కైలాసమునకు వెళ్లిరి. పిమ్మట అనేక పర్యాయములు వెళ్లి 20కి పైగా ప్రదక్షిణములు చేసిరి. 1936-37లో మానససరోవర తీరమందలి బౌద్ధమఠమున ఏడాదిపాటు నివసించి, సరస్సు గడ్డకట్టుటను, మంచు పగులుటను, కరుగుటను గమనించి వ్రాసికొనిరి. సింధు, శతద్రు, బ్రహ్మపుత్ర, కర్నాలి నదుల జన్మస్థానములను పరిశోధించిరి. 1949లో ఆంగ్లమున వెలువడిన వారి ‘కైలాస్ మానససరోవర్’ గ్రంథమునకు జవహర్‌లాల్ నెహ్రూ తొలిపలుకు వ్రాసిరి. దారులు, మజిలీలు, దూరములు వివరముగ తెలుపు ఆ గ్రంథము యాత్రికునకు చేతిపుస్తకము వంటిది.

ఆ దినములలో అల్మోడానుండి లిపులేఖ్ కనుమవరకు కాలినడకనో గుర్రముపైననో మజిలీ మజిలీగా పోవలసియుండెను. వారములు గడచెడివి. యాత్రికుడు తనకు తెలియకయే ఎత్తునకు అలవాటు పడెడివాడు. 1962 యుద్ధానంతరము చాలకాలము మూతపడియున్న ఆ దారి 1981లో ప్రభుత్వపు ఏర్పాటుతో తెరచుకొనినది. 2015లో సిక్కిములోని నాథులా మార్గము కూడ ప్రారంభమైనది. 2020నుండి 2024వరకు యాత్ర ఆగిపోయి, 2025లో లిపులేఖ్ దారిని 250 మందికి, నాథులా దారిని 500 మందికి అవకాశమిచ్చి మరల సాగించిరి. ఈలోగా లిపులేఖ్ చేరువవరకు రోడ్డు పడినది. నాథులా దారిలో చాలదూరము బస్సుననే పోవుదురు. నేపాలుమీదుగా వెళ్లు ప్రైవేటు బృందములు కొన్ని హెలికాప్టరును సైతము వాడుచున్నవి. రోడ్డు దూరమును తగ్గించినది గాని దేహము సర్దుకొనుటకు పట్టు దినములను తగ్గింపలేదు. దారి పాటింపజేసిన నియమమును ఇప్పుడు మార్గదర్శి పాటింపజేయవలసి వచ్చినది.

ప్రభుత్వ యాత్రలో ఈ జాగ్రత్త నిబంధనలరూపమున కనబడును. 18నుండి 70 ఏండ్లవరకు వయస్సు కలవారినే తీసికొందురు. పొడవునకు తగిన బరువును తెలుపు సూచిక 25కు మించరాదు. ఢిల్లీలో వైద్యపరీక్ష చేయుదురు. లిపులేఖ్ దారిలో సుమారు 3,200 మీటర్ల ఎత్తుననున్న గుంజివద్ద ఆపి మరల చేయుదురు. తగరని తేలినవారు అచటినుండియే తిరిగిపోవలెను. ఆ భయముచేతనే కొందరు తలనొప్పిని దాచుదురు. మాత్రలు మ్రింగి నొప్పిని అణచుకొని ముందుకు సాగుదురు. ఇంతకంటె ప్రమాదకరమైన పని వేరొకటి లేదు. నొప్పి పోయినను జబ్బు పోలేదు. అసిటజోలమైడ్ అను మాత్ర దేహము సర్దుకొనుటకు కొంత సహాయపడును గాని దానిని వైద్యుని సలహాపైననే వాడవలెను. దానిని నమ్ముకొని విశ్రాంతిని మానరాదు.

ప్రదక్షిణము సుమారు 52 కిలోమీటర్లు. మూడు దినములు పట్టును. దార్చెన్‌నుండి బయలుదేరి, యమద్వారము దాటి, మొదటి రాత్రి కైలాసపు ఉత్తరముఖము ఎదుట దిరాపుక్ వద్ద బసచేయుదురు. రెండవదినము చీకటితో లేచి డోల్మా కనుమను ఎక్కవలెను. ఆవలి దిగుడులో గౌరీకుండము కనబడును. ఆ రాత్రి జుతుల్‌పుక్‌లో గడపి, మూడవదినము లోయవెంట దార్చెన్ చేరుదురు. హిందువులు, బౌద్ధులు కొండను కుడిచేతివైపున ఉంచుకొని తిరుగుదురు. బోన్ మతస్థులు ఎడమచేతివైపున ఉంచుకొందురు. టిబెటువారిలో కొందరు ఒక్కదినముననే చుట్టివత్తురు. తరతరములుగ ఆ ఎత్తునకు అలవాటుపడిన దేహములవి. వారిని చూచి మనము వడి పెంచరాదు.

యాత్రలో కఠినమైన ఘడియ రెండవనాటి ఉదయము. ఇల్లు విడిచి ఇంతదూరము వచ్చినవానితో, కనుమ ఎదుట కనబడుచుండగా, “మీరు ఇచటనే ఆగుడు” అని మార్గదర్శి చెప్పవలసి వచ్చును. కోపము వచ్చును, కన్నీరును వచ్చును. అయినను ఆ మాట వినవలెను. దిరాపుక్‌వద్ద ఆగినవానికి దర్శనము తక్కువ కాలేదు. కొండ అచటనే ఎదుట నిలిచియున్నది.

మార్గదర్శి ఉన్నంతమాత్రమున ఆపదలన్నియు తొలగవు. 1998 ఆగస్టులో కుమావూ కొండలలోని మాల్పావద్ద కొండచరియ విరిగిపడి, సుమారు 60 మంది కైలాసయాత్రికులతో సహా 200 మందికి పైగా మరణించిరి. కొండ విరుగుట మన చేతిలో లేదు. ఎంత వడిగా ఎక్కుదుమనునది మాత్రము మన చేతిలోనిదే.

కనుక వనపర్తి మిత్రులకు మా సమాధానమిది. ప్రయాణమునకు కొన్ని నెలల ముందునుండి ప్రతిదినము నడువుడు. ఉమామహేశ్వరము కొండను ఎక్కి దిగుడు. దానివలన కాళ్లకు, గుండెకు బలము చేకూరును. ఎత్తునకు అలవాటు మాత్రము కలుగదు. ఏ బృందముతో పోదలచినను మూడు సంగతులు అడుగుడు: ఏ రాత్రి ఎంత ఎత్తున పండుకొనవలెను? వెంట వైద్యుడు ఉండునా? జబ్బుపడినవానిని క్రిందికి దింపుటకు ఏర్పాటు ఏది? దినములు తక్కువని చెప్పు బృందమునకంటె రాత్రులు ఎక్కువగా గడపు బృందమును ఎన్నుకొనుడు.

సలేశ్వరమునకు పోవువారు “వస్తున్నాం” అని ఒకసారి, “పోతున్నాం” అని ఒకసారి లింగమయ్యకు చెప్పుదురు. ఆ రెండవ మాట కూడ చెప్పినప్పుడే జాతర ముగిసినట్లు. కైలాసయాత్రయు అట్టిదే.