తోట పంటకు ధర పడినప్పుడు: ప్రభుత్వ సహాయము రైతుకు చేరు విధము

వరి పండించిన రైతు ధర నచ్చనిచో ధాన్యమును గాదెలో పోసి కొన్నాళ్లు వేచియుండగలడు. టమాటా పండించిన రైతునకు ఆ వెసులుబాటు లేదు. పండిన కాయను కోసినచో నాలుగు దినములలో మెత్తబడును. కోయనిచో చెట్టుననే కుళ్లును. మార్కెట్టుకు తెచ్చిన సరకును తిరిగి యింటికి చేర్చుటకు బాడుగ ఖర్చు దండుగ. కావున అడిగిన ధరకు ఇచ్చివేయుటయో, రోడ్డు ప్రక్కన పారబోయుటయో తప్పనిసరి యగుచున్నది. 2023 జూలైలో కిలో 100 రూపాయలు దాటిన టమాటా ఆ సెప్టెంబరు నాటికే కొలది రూపాయలకు దిగిపోయినది. ఈ ఒడుదొడుకులకు తట్టుకొనలేక అప్పులపాలైన కుటుంబములు మన గ్రామములలో ఎన్నియో కలవు.

ఇట్టి రైతును ఆదుకొనుటకు ప్రభుత్వము చేసిన ఏర్పాట్లేవి, అవి గ్రామమునకు చేరవలెనన్న పంచాయతీ సభ్యులు ఏమి చేయవలెను అను విషయములను ఈ వ్యాసములో వివరింపదలచితిమి.

కేంద్ర ప్రభుత్వము వరి, జొన్న, కంది, వేరుసెనగ, ప్రత్తి మున్నగు 22 పంటలకు కనీస మద్దతు ధర ప్రకటించుచున్నది. పండ్లు, కూరగాయలు ఆ పట్టికలో లేవు. దీనికి కారణము లేకపోలేదు. ధాన్యమును కొని గిడ్డంగులలో దాచి చౌకధరల దుకాణముల ద్వారా పంచవచ్చును. మామిడిపండ్లను, టమాటాలను అట్లు దాచుట సాధ్యము కాదు. అందువలన ఈ పంటలకు మార్కెట్ జోక్య పథకమను వేరొక మార్గము ఏర్పడినది.

ఈ పథకము ఏటేట తనంతట తాను అమలగునది కాదు. గడచిన సాధారణ సంవత్సరపు ధరతో పోల్చినచో మార్కెట్ ధర కనీసము 10 శాతము పడిపోయినపుడు, రాష్ట్ర ప్రభుత్వము కోరిన మీదట కేంద్రము దీనిని మంజూరు చేయును. నష్టమును ఉభయ ప్రభుత్వములు చెరిసగము భరించును. 2025లో ఈ నియమములను సవరించిరి. పూర్వము ఉత్పత్తిలో 20 శాతము వరకే వర్తించిన పథకమును 25 శాతమునకు పెంచిరి. సరకును కొనుటకు బదులు, నిర్ణయించిన ధరకును రైతు అమ్ముకొన్న ధరకును గల వ్యత్యాసమును నేరుగా అతని బ్యాంకు ఖాతాలో జమచేయుటకును వీలు కల్పించిరి. కుళ్లిపోవు సరకును ప్రభుత్వము మోయనక్కరలేదు. రైతు చేతికి మాత్రము కొంత సొమ్ము అందును.

ఇది ఎట్లు పనిచేయునో తోతాపురి మామిడి ఉదంతము వలన తెలియగలదు. చిత్తూరు ప్రాంతమున విరివిగా పండు ఈ కాయ ప్రధానముగా గుజ్జు తీయు కర్మాగారములకు పోవును. 2025 వేసవిలో కాపు విస్తారముగా వచ్చినది. వెనుకటి గుజ్జు నిల్వలు కర్మాగారములలో మిగిలియున్నవి. కొనువారు వెనుకాడగా తోటల యజమానులు దిక్కుతోచక నిలిచిరి. అప్పుడు రాష్ట్ర ప్రభుత్వము కర్మాగారములు కిలోకు 8 రూపాయలు చెల్లింపవలెననియు, తాను 4 రూపాయలు సహాయముగా ఇత్తుననియు ప్రకటించినది. జూలైలో కేంద్రము క్వింటాలుకు 1,490 రూపాయల 73 పైసలు ధరగా నిర్ణయించి, సుమారు 1 లక్ష 62 వేల టన్నులకు వ్యత్యాసపు చెల్లింపులో సగము భరించుటకు అంగీకరించినది. ఆ వ్యత్యాసము క్వింటాలుకు 372 రూపాయల 68 పైసలు, అనగా నిర్ణయించిన ధరలో నాలుగవ వంతు.

అయిదు టన్నుల కాయ అమ్మిన చిన్న రైతునకు కిలోకు 4 రూపాయల చొప్పున 20 వేల రూపాయలు లెక్కకు వచ్చును. కోత కూలికి, బాడుగకు పెట్టిన సొమ్మును తలచినచో ఇది తీసివేయదగిన మొత్తము కాదు. అయినను అన్నియు సవ్యముగా జరిగినవని మేము చెప్పజాలము. 8 రూపాయలు పూర్తిగా ముట్టలేదని పలువురు రైతులు మొరపెట్టుకొనిరి. జూన్ మాసముననే కోత మొదలు కాగా కేంద్రపు ఉత్తరువు జూలైలో వచ్చినది. ఉత్తరువు కొరకు ప్రభుత్వము ఆగగలదు గాని పండు ఆగజాలదు.

దీనినుండి గ్రహింపవలసిన దొక్కటే. సహాయము ప్రకటించిన పిదప జాబితాల కొరకు పరుగులిడుట వృథా. ఎవరి తోట ఎంత, ఎవరు సాగు చేయుచున్నారు, ఎంత సరకు ఎవరికి అమ్మిరి అను వివరములు ముందే వ్రాతలో నుండవలెను. వ్రాతలో లేని రైతు ఖాతాలో ఏ పైకమును పడదు.

ఈ విషయమున పంచాయతీ సభ్యులు మూడు పనులు చేయవచ్చును.

మొదటిది, ఈ-పంట నమోదు. రైతు సేవా కేంద్రమున నమోదు జరుగునపుడు తోటలును, కూరగాయల మళ్లును విడిచిపోకుండ చూడవలెను. అర ఎకరములో వంగయో, బెండయో వేసిన రైతు తనది లెక్కలోనిది కాదని ఊరకుండుట కద్దు. సామాజిక తనిఖీ కొరకు జాబితాను ప్రదర్శించినపుడు సభ్యులు తమ వార్డు పేర్లను స్వయముగా చదివి, లేనివారిని చేర్పింపవలెను.

రెండవది, కౌలుదారుల సంగతి. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టము ప్రకారము కౌలు రైతునకు 11 నెలల గడువుగల పత్రము లభించును. దానికి భూస్వామి సమ్మతి కావలెను. భూమి పోవునేమో యను భయముతో పెక్కుమంది యజమానులు సంతకము పెట్టరు. ఈ పత్రము వలన భూమిపై హక్కు సంక్రమింపదని పెద్దలు నచ్చజెప్పినచో ఆ భయము తీరగలదు. మామిడి తోటలను పూతమీదనే వ్యాపారికి గుత్తకిచ్చు ఆచారము కూడ కలదు. అట్టిచోట సహాయము వచ్చినచో ఎవరికి చెందవలెనో ఒడంబడిక నాడే వ్రాసికొనుట మేలు. లేనిచో తగవు పంచాయతీ గడపనే తొక్కును.

మూడవది, తూకపు చీటి. అమ్మిన ప్రతి బండికి బరువు, ధర, తేదీగల రసీదు పుచ్చుకొనుమని రైతులకు చెప్పవలెను. ధర ఎంత పడినదో నిరూపించుటకును, వ్యత్యాసము లెక్కకట్టుటకును ఆధారమదియే.

ధర పడిన పిమ్మట ఆదుకొనుట ఒక ఎత్తు. పడకుండ చూచుట మరియొక ఎత్తు. 1999 జనవరి 26న ప్రారంభమైన రైతు బజార్లు దళారి లేకుండ కూరగాయలు అమ్ముకొను అవకాశమును కల్పించినవి. 2018-19 కేంద్ర బడ్జెట్టులో 500 కోట్ల రూపాయలతో ప్రకటింపబడిన ఆపరేషన్ గ్రీన్స్ టమాటా, ఉల్లి, బంగాళాదుంపల కొరకు ఏర్పడినది. సరకు అధికమైనపుడు రవాణా, నిల్వ ఖర్చులలో సగము భరించుట అందులోని యొక అంశము. ఉద్యాన పంటల సమగ్రాభివృద్ధి పథకము క్రింద శీతల గిడ్డంగులకు సహాయ మున్నది. బిందు సేద్యమునకు కేంద్రము చిన్న, సన్నకారు రైతులకు 55 శాతము, ఇతరులకు 45 శాతము వంతున తోడ్పడుచున్నది. ఒక్క రైతు ఒంటరిగా గిడ్డంగి కట్టజాలడు. నాలుగు గ్రామముల రైతులు ఉత్పత్తిదారుల సంఘముగా ఏర్పడినచో అది సాధ్యము కాగలదు.

ఇవన్నియు ఉన్నను పథకము సంపూర్ణ రక్ష కాదు. పావువంతు ఉత్పత్తికి మించి వర్తింపని సహాయమును నమ్ముకొని ఊరంతయు ఒకే పంట వేయుట క్షేమకరము కాదని కూడ సభ్యులు హెచ్చరింపవలెను.

మామిడి పూత దిగక ముందే, టమాటా నారు పోయు నాడే, ఈ విషయమును గ్రామసభలో ఒక గంట చర్చింపుడని మా మనవి. జాబితాలో పేరు చదివి వినిపించుటకు ఖర్చేమియు లేదు. ఆ పేరు లేకపోయినచో మాత్రము ఒక కుటుంబపు ఏడాది కష్టము నష్టపోవును.