వెనిలా పువ్వు - పన్నెండేళ్ళ పిల్లవాడు



పోయిన వార్షికోత్సవం రోజు మన హాస్టల్లో ఐస్‌క్రీము పెట్టారు కదా. కప్పు మీద 'వెనిలా' అని రాసి ఉంది. వెనిలా అంటే ఏంటే అని మా రూములో అడిగితే ఒకమ్మాయి పాలు అంది, ఇంకొకమ్మాయి తెల్ల రంగు పేరు అంది. నేనైతే ఏదో సెంటు అనుకున్నాను. సైన్సు టీచరు గారిని అడిగితే నవ్వి, "అది ఒక ఆర్కిడ్ మొక్క కాయమ్మా" అని చెప్పి లైబ్రరీలోంచి పుస్తకం తీసి ఇచ్చారు. పుస్తకంలో చదివింది, టీచరు గారు చెప్పింది కలిపి ఇక్కడ రాస్తున్నాను. తప్పులుంటే మన్నించండి.

ఆర్కిడ్ అంటే ఏమిటి?

ఆర్కిడ్‌లు మీరందరూ చూసినవే. వేసవి చివర్లో మన పాడేరు కొండల్లో పెద్ద చెట్ల కొమ్మల మీద నక్క తోకలాగా వేలాడే తెలుపు, గులాబి రంగు పూల గుత్తి ఉంటుంది చూడండి, అది ఒక ఆర్కిడ్. అస్సాం రాష్ట్రంలో బిహు పండగకి ఆడవాళ్ళు ఆ పువ్వునే కొప్పులో పెట్టుకుని నాట్యం చేస్తారట. మనం మాత్రం దాని కిందనుంచే రోజూ పశువుల్ని తోలుకుపోతాం, తలెత్తి చూడం.

నేను దాన్ని బదనిక అనుకునేదాన్ని. బదనిక చెట్టులోకి వేరు దించి రసం పీలుస్తుంది. ఆర్కిడ్ అలా కాదు. అది చెట్టు మీద కూర్చుంటుంది గాని చెట్టుని తినదు. గాలిలో వేలాడే వేళ్ళతో వాన నీటిని, మంచు తేమని పట్టుకుంటుంది. ప్రపంచంలో ఆర్కిడ్ జాతులు 25 వేలకు పైగా ఉన్నాయి. వెనిలా వాటిలో ఒకటి. అది తీగ. మన కాఫీ తోటల్లో సిల్వరోక్ చెట్ల మీదకి మిరియం పాదు ఎక్కినట్టే ఇది కూడా చెట్టుని పట్టుకుని పైకి ఎక్కుతుంది. పువ్వు పసుపు, ఆకుపచ్చ కలిసిన రంగు. కాయ చిక్కుడు కాయ కంటే పొడవుగా, సన్నగా ఉంటుంది.

వెనిలా పుట్టిల్లు

వెనిలా పుట్టిల్లు మెక్సికో దేశపు అడవులు. దాన్ని మొదట సాగు చేసినవారు అక్కడి టోటోనాక్ అనే ఆదివాసులు. తరువాత ఆజ్టెక్ రాజులు వాళ్ళని జయించి వెనిలా కాయల్ని కప్పంగా తీసుకున్నారు. చాక్లెట్ పానీయంలో కలుపుకుని తాగేవారట. 1500లలో స్పెయిన్ వాళ్ళు వచ్చి ఆ దేశాన్ని పట్టుకుని, చాక్లెట్‌ని, వెనిలాని ఐరోపాకి తీసుకుపోయారు. వెనిలా అనే పేరు కూడా స్పెయిన్ భాషదే. చిన్న కాయ అని అర్థం.

కాయ పోయింది గాని, పంట పోలేదు. ఐరోపాలో డబ్బున్నవాళ్ళు అద్దాల ఇళ్ళు కట్టి, లోపల వేడి పెట్టి వెనిలా తీగల్ని పెంచారు. తీగ పెరిగింది, పువ్వు పూసింది, కాయ మాత్రం కాయలేదు. ఎందుకు?

పువ్వు లోపల ఒక తలుపు

మనం పాఠంలో పరాగ సంపర్కం చదువుకున్నాం. కేసరంలోని పుప్పొడి కీలాగ్రం మీద పడితేనే కాయ అవుతుంది. వెనిలా పువ్వులో పుప్పొడి, కీలాగ్రం రెండూ పక్కపక్కనే ఉంటాయి. కాని ఆ రెంటి మధ్య తలుపు రెక్క లాంటి పల్చని పొర ఒకటి అడ్డం ఉంటుంది. గాలి దాన్ని తియ్యలేదు. మెక్సికో అడవుల్లో ఉండే కొన్ని రకాల తేనెటీగలు ఆ పని చేస్తాయి. వేరే దేశాల్లో ఆ ఈగలు లేవు. పైగా పువ్వు పొద్దున్న విచ్చి ఆ రోజే వాడిపోతుంది. అందుకని దాదాపు 300 ఏళ్ళు ప్రపంచానికి వెనిలా అంతా మెక్సికో నుంచే వచ్చింది.

1836లో బెల్జియం దేశంలో చార్లెస్ మోరెన్ అనే శాస్త్రవేత్త చేత్తో పరాగ సంపర్కం చేసి కాయ కాయించాడు. కాని తోటల్లో పనివాళ్ళు చకచకా చేసుకునే ఉపాయం అక్కడినుంచి రాలేదు. అది వచ్చింది ఒక పిల్లవాడి దగ్గర నుంచి.

ఎడ్మండ్

మన హిందూ మహాసముద్రంలోనే, ఆఫ్రికా వైపు, రీయూనియన్ అని ఒక దీవి ఉంది. అప్పుడు దాన్ని బూర్బోన్ అనేవారు. ఫ్రెంచి వాళ్ళ పాలన. తోటల్లో పని చేసేవాళ్ళు బానిసలు. 1829లో సాంత్ సుజాన్ అనే ఊళ్ళో ఒక బానిస తల్లికి ఎడ్మండ్ పుట్టాడు. పురుడులోనే తల్లి చనిపోయింది. బానిస కాబట్టి ఇంటి పేరు లేదు, బడి లేదు. అతని యజమాని బెలియే బోమాంకి మొక్కలంటే ఇష్టం. పిల్లవాణ్ణి వెంట తిప్పుకుని మొక్కల పేర్లు చెప్పేవాడు. గుమ్మడి జాతి పాదులో మగ పువ్వు పుప్పొడిని ఆడ పువ్వుకి ఎలా అంటించాలో కూడా చూపించాడు.

ఆ తోటలో ఒక వెనిలా తీగ ఉంది. సుమారు 20 ఏళ్ళుగా ఉన్నా ఒక్క కాయ కూడా కాయలేదు. 1841లో ఒక రోజు యజమాని చూస్తే దానికి కాయ కనబడింది. ఆశ్చర్యపోయాడు. "నేనే చేశాను" అన్నాడు ఎడ్మండ్. అప్పుడతనికి 12 ఏళ్ళు. యజమాని నమ్మలేదు. రెండు మూడు రోజులకి ఇంకో కాయ కనబడింది. అప్పుడు "ఏదీ, చేసి చూపించు" అన్నాడు.

ఎడ్మండ్ చేసింది ఇది:

1. పొద్దున్నే విచ్చిన పువ్వుని ఎడమ చేత్తో పట్టుకోవాలి.
2. పువ్వు రేకుని కొంచెం చీల్చి లోపలి భాగం కనబడేలా చెయ్యాలి.
3. సన్నని వెదురు పుల్లతో అడ్డంగా ఉన్న పొరని పైకి లేపాలి.
4. బొటనవేలితో పుప్పొడిని కీలాగ్రం మీదకి నొక్కాలి. అంతే.

చేతివాటం ఉన్నవాళ్ళు పొద్దుటి పూట వందల పువ్వులకి ఇలా చెయ్యగలరు. ఆ దీవిలో దీన్ని వెనిలాకి పెళ్ళి చెయ్యడం అంటారట!

తరువాత ఏమైంది?

ఎడ్మండ్‌ని చుట్టుపక్కల తోటలకి పంపించి పని నేర్పించారు. వెనిలా ఎగుమతి మొదలైంది. 1848లో ఆ దీవి నుంచి సుమారు 50 కిలోలు పోతే, 1898 నాటికి సుమారు 200 టన్నులు పోయాయి. తోటల యజమానులు ధనవంతులయ్యారు.

మరి ఎడ్మండ్? 1848లో బానిసత్వం రద్దయింది. అతనికి స్వేచ్ఛ వచ్చింది, అల్బియస్ అనే ఇంటి పేరు వచ్చింది. భూమి రాలేదు, డబ్బు రాలేదు. పట్నం వెళ్ళి వంటింట్లో పనికి కుదిరాడు. నగల దొంగతనం కేసులో జైలు శిక్ష పడింది. ఇతని వల్ల దీవికి ఎంత లాభం వచ్చిందో చూడండి అని పాత యజమాని గవర్నరుకి విన్నపం రాస్తే ముందుగా విడిచిపెట్టారు. 1880లో ఎడ్మండ్ పేదవాడిగానే చనిపోయాడు.

ఇంకొక సంగతి నాకు చాలా కోపం తెప్పించింది. ఈ పద్ధతి ముందు నేనే చూపించాను అని రిషార్ అనే పెద్ద వృక్షశాస్త్రవేత్త అన్నాడు. చదువుకున్నవాడి మాట, బానిస పిల్లవాడి మాట, లోకం ఎవరిది నమ్ముతుంది? కాని బెలియే బోమాం, మరి కొందరు ఉత్తరాలు రాశారు. ఇది ఎడ్మండే కనిపెట్టాడు, మేం కళ్ళతో చూశాం అని. ఆ కాగితాలు ఉండబట్టి ఈ రోజు అతని పేరు మిగిలింది. ఇప్పుడు సాంత్ సుజాన్‌లో అతని విగ్రహం ఉంది.

మీకు తెలుసా?

* ఇప్పుడు వెనిలా ఎక్కువగా పండేది మడగాస్కర్ దీవిలో. ఇప్పటికీ ఎడ్మండ్ పద్ధతే.
* మన దేశంలో కేరళ, కర్ణాటకలో వెనిలా సాగు ఉంది.
* పచ్చి కాయకి వాసన ఉండదు. వేడి నీళ్ళలో ముంచి, దుప్పట్లలో చుట్టి, ఎండబెట్టి నెలల తరబడి మగ్గిస్తేనే నల్లగా అయి వాసన వస్తుంది.
* మనం తిన్న ఐస్‌క్రీములో ఉండేది బహుశా అసలు వెనిలా కాదు. దాని వాసననిచ్చే వెనిలిన్ అనే పదార్థాన్ని 1874లోనే ప్రయోగశాలలో తయారు చేశారు. చౌక కాబట్టి అదే ఎక్కువగా వాడతారు.

నాకు అనిపించింది

మా తాత చదువుకోలేదు. వేలిముద్రే. కాని ఏ ఆకు ఏ నొప్పికో, ఏ దుంప ఎప్పుడు తవ్వాలో అన్నీ తెలుసు. నేను అయిదో తరగతిలో ఉన్నప్పుడు ఎవరో పట్నం వాళ్ళు మా ఊరు వచ్చారు. మా తాత రోజంతా వాళ్ళని కొండ మీద తిప్పి మొక్కలు చూపించాడు. వాళ్ళు నోటు పుస్తకం నిండా రాసుకున్నారు. సాయంత్రం టీ తాగి వెళ్ళిపోయారు. తాత పేరు మాత్రం అడగలేదు. అప్పుడు నాకేం అనిపించలేదు. ఎడ్మండ్ కథ చదివిన రాత్రి అది గుర్తొచ్చి నిద్ర పట్టలేదు.

ఎడ్మండ్‌కి రాయడం రాదు. వేరేవాళ్ళు రాస్తే అతని పేరు నిలిచింది. మా తాతకీ రాయడం రాదు. కాని నాకు వచ్చు. మీకూ వచ్చు.

అందుకని స్నేహితులారా, ఈ సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు మీ పెద్దవాళ్ళని అడిగి ఒక మొక్క పేరు, అది ఎందుకు పనికొస్తుందో రాసి తీసుకురండి. చెప్పినవాళ్ళ పేరు కింద తప్పకుండా రాయండి. గోడ పత్రికలో ఒక మూల వాటికి ఉంచమని వార్డెన్ మేడమ్ గారిని అడిగాను, సరే అన్నారు. మొదటి కాగితం నేనే రాసి, కింద మా తాత పేరు పెట్టాను. ఈ పక్కనే అంటించి ఉంది, చూడండి.

ఇట్లు,
మీ స్నేహితురాలు,
9వ తరగతి