పాత భాగములతో కొత్త కంప్యూటరు

పాత యిల్లు విప్పి కొత్త యిల్లు కట్టుకొనువారు టేకు ద్వారబంధములను దాచుకొందురు. చెదపట్టిన దూలమును మాత్రము మరల ఎక్కింపరు. మన పాఠశాల కంప్యూటరును మార్చునపుడు మేమీ పద్ధతినే పాటించితిమి.

మొదట చూడవలసినది పొంతన. 1995లో వెలువడిన ఏటీఎక్స్ కొలతలు నేటికిని వాడుకలో నున్నవి గనుక, పాత పెట్టెలోనే కొత్త మదర్‌బోర్డు అమరినది. మానిటరు, కీబోర్డు, మౌసు అట్లే పనికివచ్చినవి. ర్యాము మాత్రము పనికిరాలేదు. డీడీఆర్ 3 పలకకు గాటొకచోట, డీడీఆర్ 4 పలకకు వేరొకచోట నుండును, వోల్టేజియు వేరే. బలవంతముగా దూర్చినచో రెండును చెడును. ప్రాసెసరు సయితము తనకు తగిన సాకెట్టులోనే కూర్చుండును.

రెండవది ఆయువు. పవర్ సప్లైలోని కెపాసిటర్లు వేడికి ఏండ్ల తరబడి ఎండి బలహీనపడును. అది చెడినచో కొత్త భాగములకును ముప్పే. కావున అచట పొదుపు చేయక కొత్తదే కొంటిమి.

ఇక హార్డ్ డిస్కు. మన పత్రిక పాత సంచికలు, మీ అన్నలును అక్కలును వ్రాసిన తెలుగు వ్యాసములు అందే కలవు. డిస్కును మరల కొనవచ్చును. ఆ వ్రాతలను కొనలేము. అందుచే వానికి రెండుచోట్ల నకలు తీసిన పిమ్మటనే మరలు విప్పితిమి.

మిగిలిన భాగములలో సీసము వంటి విషపదార్థములుండును గాన, చెత్తకుప్పలో వేయక ఈ-వ్యర్థములు సేకరించువారికి అప్పగించితిమి.

విద్యార్థులారా! పాత వస్తువు చేతికి వచ్చినపుడు రెండు ప్రశ్నలు వేసికొనుడు: ఇది ఇముడునా? ఇంకను నిలుచునా?