జంజిబార్‌లో ఆంగ్ల పాఠం: బోధకుడే ముందు విద్యార్థి కావాలి

మన తెలుగు నేలపై నమాజుకు నిలిచేవారి ముఖం పడమటి దిక్కుకు ఉంటుంది. బాల్యం నుంచి ఆ దిశ మన శరీరానికే అలవాటైపోతుంది. ఆంగ్ల ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసిన పిదప, స్వచ్ఛంద బోధన నిమిత్తం జంజిబార్ దీవికి చేరిన తొలి రాత్రి, సూర్యుడు అస్తమించిన వైపే తిరిగి ఇషా నమాజుకు సిద్ధమయ్యాను. నాకు ఆశ్రయమిచ్చిన ఇంటి పెద్ద మృదువుగా నా భుజం పట్టి కుడివైపుకు తిప్పారు. అక్కడి నుంచి మక్కా దాదాపు నేరుగా ఉత్తరాన ఉంది. ఖిబ్లా మారలేదు, నేను నిలిచిన చోటు మారింది.

పరాయి దేశంలో బోధించదలచినవారు మొట్టమొదట ఏమి చేయాలో ఆ క్షణంలోనే నాకు బోధపడి ఉండవలసింది. అందుకు మరో మూడు వారాలు పట్టింది. విదేశాల్లో స్వచ్ఛందంగా ఆంగ్లం బోధించాలనే ఆసక్తి మన యువతలోనూ, విశ్రాంత ఉపాధ్యాయులలోనూ కనిపిస్తున్నది. వారికి ఉపకరిస్తుందనే ఉద్దేశంతో నా పొరపాట్లను దాచకుండా రాస్తున్నాను.

దీవి, దాని భాష

తూర్పు ఆఫ్రికా తీరానికి చేరువలో, హిందూ మహాసముద్రంలో ఉన్న ద్వీప సముదాయం జంజిబార్. ఉంగుజా, పెంబా అందులో ప్రధానమైనవి. 1964లో ఇది టాంగన్యికాతో ఏకమై టాంజానియా దేశంలో భాగమైంది. నేటికీ దానికి సొంత అధ్యక్షుడు, సొంత శాసనసభ ఉన్నాయి. ప్రజల్లో అత్యధికులు ముస్లింలు. ఉంగుజా దక్షిణ తీరాన ఉన్న కిజిమ్‌కాజి మసీదులోని కూఫీ లిపి శాసనం హిజ్రీ 500, అనగా క్రీ.శ. 1107 నాటిది. మన దేశంతో దానికి శతాబ్దాల వర్తక సంబంధం ఉంది. 2023లో ఐఐటీ మద్రాస్ తన తొలి విదేశీ ప్రాంగణాన్ని తెరిచింది కూడా అక్కడే.

వారి భాష స్వాహిలీ. పుస్తకం 'కితాబు', ప్రపంచం 'దునియా', విద్య 'ఎలిము', ఉపాధ్యాయుడు 'మ్వాలిము'. ఇవన్నీ అరబీ మూలాలవే. శుక్రవారం 'ఇజుమా', శనివారం 'జుమామోసి'. అంటే వారి భాషలో వారాన్ని లెక్కించేది జుమా నుంచే. చపాతీ, చాయ్, లక్షకు 'లకి' అనే మాట వింటే పరాయి ఊళ్లో ఉన్నామనిపించదు.

పరిచితమైన ఈ మాటలే నన్ను మోసపుచ్చాయి. అంతా నాకు తెలుసుననే భ్రమ కలిగింది.

తొలి తప్పిదాలు

బడిలో ఉపాధ్యాయుల సమావేశం 'నాలుగు గంటలకు' అన్నారు. సాయంత్రం నాలుగింటికి వెళితే తలుపులకు తాళం. స్వాహిలీ కాలగణన సూర్యోదయంతో ఆరంభమవుతుంది. ఉదయం ఏడు గంటలు వారికి ఒకటో గంట, మన పది గంటలు వారికి నాలుగు. పొద్దు పొడుపు నుంచి ఘడియలు లెక్కించిన మన పూర్వుల పద్ధతి వంటిదే. వారంతా ఉదయం నా కోసం ఎదురుచూసి వెళ్లిపోయారు. మరునాడు ఒక్కరూ నన్ను నిందించలేదు. అదే నన్ను మరింత సిగ్గుపడేలా చేసింది.

మసీదులోనూ నేర్చుకోవలసింది ఉంది. మన ప్రాంతంలో అధికులు హనఫీలు, అక్కడి సున్నీ ముస్లింలు షాఫయీ మస్లక్‌వారు. అస్ర్ వేళ మనకన్నా ముందు వస్తుంది. ఫజ్ర్ నమాజులో ఖునూత్ పఠిస్తారు. తొలినాడు రుకూ తర్వాత ఇమామ్ చేతులెత్తగా నేను సజ్దాకు వంగిపోయాను. ప్రక్కనున్న బాలుడు నా చొక్కా పట్టి ఆపాడు.

తరగతిలో చేసిన తప్పు అన్నింటికన్నా పెద్దది. నేను నిరాటంకంగా ఆంగ్లంలో బోధించేవాణ్ని. 'అర్థమైందా?' అని అడిగితే పిల్లలు ముక్తకంఠంతో 'యెస్' అనేవారు. పాఠం సాగుతున్నదని సంతోషించాను. మూడో వారం చివర రాత పరీక్ష పెడితే సగానికి పైగా కాగితాలు ఖాళీగా వచ్చాయి.

ఆ సాయంత్రం జీవశాస్త్ర ఉపాధ్యాయుడొకరు నా దగ్గర కూర్చున్నారు. వయసులో నాకన్నా చాలా చిన్నవారు.

"మ్వాలిము, మీరు పెద్దవారు, అన్యథా భావించకండి. ఈ పిల్లల దగ్గరకు వచ్చిన నాలుగో అతిథి మీరు. ప్రతి అతిథీ 'నా పేరు ఫలానా' అనే పాఠంతోనే మొదలుపెడతారు. పిల్లలు అది నాలుగుసార్లు నేర్చుకున్నారు. మిమ్మల్ని నొప్పించడం ఇష్టం లేక 'యెస్' అంటారు. కానీ రేపు పరీక్షలో వేరు ఏమి చేస్తుంది, ఆకు ఏమి చేస్తుంది అని అడుగుతారు, అది కూడా ఆంగ్లంలో. జవాబు తెలిసిన పిల్లవాడు ప్రశ్న అర్థంకాక తప్పుతాడు. ఆపైన చేపల పడవ ఎక్కుతాడు, బడికి మళ్లీ రాడు."

ఆ మాటల్లో కటువుదనం లేదు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అక్కడ పిల్లలు కింది తరగతుల్లో స్వాహిలీలో చదువుకుంటారు, మాధ్యమిక స్థాయిలో బోధన ఆంగ్లానికి మారుతుంది. ఆ మలుపులో జారిపడే పిల్లల చెయ్యి పట్టుకోవడానికి వచ్చిన నేను, వారి ముందు నా ఉచ్చారణను ప్రదర్శిస్తూ కాలం గడిపాను. నా సంకల్పంలో అల్లాహ్ ప్రసన్నత ఎంత, 'విదేశంలో బోధించాను' అని చెప్పుకోవాలనే కోరిక ఎంత? ఆ ప్రశ్నకు నా దగ్గర సూటి జవాబు లేదు.

ముస్అబ్ (రజి) చూపిన బాట

హిజ్రత్‌కు ముందు దైవప్రవక్త (సల్లం) మదీనాకు పంపిన బోధకుడు హజ్రత్ ముస్అబ్ బిన్ ఉమైర్ (రజి). ఆయన అక్కడ హజ్రత్ అస్అద్ బిన్ జురారా (రజి) ఇంట అతిథిగా ఉండి, ఊరి మనిషి తోడుతోనే జనం వద్దకు వెళ్లారు. ఈటె పట్టుకుని కోపంతో వచ్చిన ఉసైద్ బిన్ హుజైర్‌ను సైతం, కూర్చుని వినమని, నచ్చకపోతే తాము వెళ్లిపోతామని వినయంగా కోరారు. హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) ప్రవక్త (సల్లం) ఆదేశంపై యూదుల లిపిని నేర్చుకున్నారు. ప్రతి ప్రవక్తనూ అతని జాతి భాషలోనే పంపినట్లు దివ్య ఖుర్ఆన్‌లోని ఇబ్రాహీం సూరా 4వ ఆయత్ తెలుపుతున్నది. వినేవారి భాషను గౌరవించని బోధన ఇస్లామీ సంప్రదాయం కాదు.

మరునాటి నుంచి వారం రోజులు తరగతిలో వెనుక బల్లపై కూర్చుని, స్థానిక ఉపాధ్యాయుల బోధన చూశాను. రాత్రివేళ ఆ ఇంటి చిన్నపిల్ల పాఠ్యపుస్తకంతో స్వాహిలీ నేర్చుకున్నాను. పిల్లల తప్పులకు కారణాలు అప్పుడు తెలిశాయి. 'అతడు', 'ఆమె' రెండింటికీ స్వాహిలీలో 'యేయే' అనే ఒకే మాట ఉంది. అందుకే ఆంగ్లంలో వారు తడబడతారు. వారి మాటలు అచ్చుతో ముగుస్తాయి. మనం బస్సు, స్కూలు, బ్యాంకు అన్నట్లే వారు బాసి, స్కులి, బెంకి అంటారు. తెలుగు పిల్లలకు చెప్పిన ఉచ్చారణ అభ్యాసాలే వారికీ సరిపోయాయి.

ఆ జీవశాస్త్ర ఉపాధ్యాయునితో కలిసి ఒక నోటు పుస్తకం తయారుచేశాను. పరీక్షల్లో తరచు వచ్చే ఆజ్ఞాపదాలు మొదట రాశాం: వివరించు అంటే 'ఎలెజ', పేర్కొను అంటే 'తాజ', పోల్చు అంటే 'లింగనిష'. ఒక్కొక్క దానికి ఆంగ్ల పదం, స్వాహిలీ అర్థం, పాఠంలోని ఒక ఉదాహరణ. తర్వాత జీవశాస్త్ర పదాలు చేర్చాం. పాఠం చెప్పేది ఆయనే. నేను పిల్లల మధ్య తిరుగుతూ, ప్రతి ఒక్కరి చేత ఒక్క వాక్యమైనా పలికించేవాణ్ని. మధ్యాహ్నం పిల్లలు ఖుర్ఆన్ మదరసాకు వెళ్తారు గనుక ఇంటిపని ఇవ్వడం మానేశాను.

వెళ్లదలచినవారికి

మిమ్మల్ని ఆహ్వానించే బడికి నిజంగా ఏమి అవసరమో ముందే ఉత్తరం రాసి తెలుసుకోండి. అంతకుముందు వచ్చినవారు ఏ పాఠం వద్ద ఆపారో అడగండి. జీతం లేని పని అయినా పర్యాటక వీసాపై బోధించడం చాలా దేశాల్లో నిషిద్ధం, తగిన అనుమతి పొందండి. స్వచ్ఛంద సేవ పేరిట భారీ రుసుము అడిగే మధ్యవర్తులుంటారు. ఆ సొమ్ములో బడికి చేరేదెంత అని నిలదీయండి. టీకాలు, మందుల గురించి వైద్యుణ్ని సంప్రదించండి. సోదరీమణులు కుటుంబంతో సంప్రదించి, భర్త లేదా మహ్రమ్ తోడుతో, సురక్షితమైన వసతి నిశ్చయించుకున్న తర్వాతే బయలుదేరాలి. కొద్ది వారాల వ్యవధే ఉంటే పిల్లలకు బోధించే బదులు అక్కడి ఉపాధ్యాయులకు సహాయకులుగా ఉండండి. మీరు వచ్చేసిన తర్వాత తరగతి నడిపేది వారే.

నేను తిరిగివచ్చిన కొన్ని నెలలకు ఆ ఉపాధ్యాయుడు కబురు పంపారు. నోటు పుస్తకంలో రసాయన శాస్త్ర పదాలు కూడా చేరాయట. వాటిలో నా చెయ్యి లేదు. అల్‌హందులిల్లాహ్, నాకు అంతకన్నా సంతోషమైన వార్త లేదు.

సముద్రం దాటే వీలు అందరికీ ఉండదు. మన మొహల్లాలోనూ ఉర్దూ, తెలుగు మాధ్యమాల్లో చదివి ఇంటర్‌లో ఒక్కసారిగా ఆంగ్లానికి మారే పిల్లలున్నారు. వారూ అర్థం కాకుండానే 'యెస్' అంటున్నారు. వారి ప్రక్కన రోజుకో గంట కూర్చునే పెద్దవారు కావాలి. దానికి వీసా అక్కర్లేదు.